వ్రాత ఉద్యోగము – పైచదువుల పరీక్ష

కిందటి ఆడికృత్తిక నాడు తిరుత్తణిలో మా అన్నగారి ఇల్లు చుట్టాలతో కిటకిటలాడినది. కావడి మోసుకొని కొండ ఎక్కినవారు ఎక్కి వచ్చినారు. మోకాళ్ళ నొప్పులవారు క్రిందనుండే దండం పెట్టుకొన్నారు. మధ్యాహ్నం అందరూ ఒక పంక్తిని కూర్చొని, పులిహోర రెండవమారు వడ్డిస్తూ ఉండగా, మాట మా అన్నగారి కూతురి పరీక్షమీదికి మళ్ళినది. అమెరికాలో ఎం.ఎస్. చదవాలని అమ్మాయి అంతకు మూడు వారాల ముందు జి.ఆర్.ఇ. పరీక్ష వ్రాసినది. లెక్కల భాగంలో 170కి 164 వచ్చినవి. ఇంగ్లీషు భాగంలో 148. వ్యాసానికి 6కు 3.

“రోజంతా ఇంగ్లీషు వ్రాసి జీతం తెచ్చుకొనే పిల్ల లెక్కలలో గెలిచి ఇంగ్లీషులో ఓడటమేమిటి, బావా?” అని మా వదినగారి తమ్ముడు అడిగినాడు.

ఒకరు దిష్టి అన్నారు. ఒకరు ఉద్యోగం మానిపించి ఆరు నెలలు ఇంట కూర్చోబెట్టి చదివించమన్నారు. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1888లో పుట్టిన ఊరు కావటంవల్ల తిరుత్తణి పిల్లలకు ఒక చిక్కు ఉన్నది. మార్కులు తగ్గిన ప్రతివారికీ ఆయన పేరు చెప్పి చీవాట్లు పెడతారు. ఆ చీవాట్లూ అయినవి. అమ్మాయి తలవంచుకొని విస్తరిలో అన్నం కలుపుతూ కూర్చున్నది.

ఆనాడు మా దగ్గరా జవాబు లేకపోయినది. తరువాత నాలుగు నెలలు ఆ పిల్ల ప్రక్కన గడియారం పట్టుకొని కూర్చున్న మీదట కొంత తెలిసివచ్చినది. మన కుటుంబాలలో ఇటువంటి ఉద్యోగం చేస్తూ ఇటువంటి పరీక్షకు కూర్చోబోయే పిల్లలు ఇంకా ఉంటారు గనుక ఇది వ్రాస్తున్నాము. మేము పదవ తరగతితో చదువు చాలించి సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరినవారము. ఇంటిలో తెలుగు, ఆఫీసులో అరవం, ఫైలులో అరకొర ఇంగ్లీషు – ఇంతే మా పాండిత్యం. పెద్ద చదువుల సంగతి మీకేమి తెలుసునని అడిగేవారికి ముందే లొంగిపోతున్నాము.

అమ్మాయి మెకానికల్ ఇంజనీరింగు చదివినది. వారంలో ఐదు రోజులు తిరువళ్ళూరులో మా ఇంటనే ఉండి, సీజన్ టికెట్టుతో లోకల్ బండిలో అంబత్తూరుకు పోయి వస్తుంది. తిరుత్తణినుండి రోజూ తిరగటమంటే తిండికీ నిద్రకూ వేళ ఉండదని మా ఇంటావిడే పట్టుబట్టి ఇక్కడికి రప్పించినది. అంబత్తూరు పారిశ్రామికవాడ 1964లో వెలసినది. మా చిన్నతనంలో అక్కడ పని అంటే లేతుయంత్రమూ, గ్రీజు మరకలూ అనుకొనేవాళ్ళము. ఈ పిల్లది వ్రాత పని. టెక్నికల్ రైటర్ అంటారు.

మిక్సీ కొన్నప్పుడు పెట్టెలో ఒక చిన్న పుస్తకం వస్తుంది. మనం విప్పిచూడకుండానే పాతకాగితాలవానికి వేస్తాము. అది వ్రాసేవారు కూడా ఒకరుంటారు. మా అమ్మాయి వ్రాసేది విమానంలోని భాగాలకు. ఏ మర ముందు విప్పాలి, ఏది తుడవాలి, ఎంత బిగించాలి అన్నది ఒకటి, రెండు, మూడు అని వరుసగా వ్రాయాలి. ఆ పుస్తకాన్ని ఏ దేశంలోనో, ఇంగ్లీషు తన భాష కాని ఒక మెకానిక్ చదువుతాడు. అతడు ఒక మాటను రెండు విధాలుగా అర్థం చేసుకొంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

అందువల్ల విమానాల పుస్తకాలకని ఐరోపావారు ఒక కట్టుబాటు ఇంగ్లీషు ఏర్పరచినారు. దాని మొదటి కూర్పు 1986లో వెలువడినది. ఇప్పుడు దానిని ఎ.ఎస్.డి.–ఎస్.టి.ఇ. 100 అంటున్నారు. యంత్రభాగాల పేర్లు వగైరా విడిచిపెడితే దాని నిఘంటువులో వాడదగిన మాటలు సుమారు 900. ఒక మాటకు ఒకే అర్థం. ఒక అర్థానికి ఒకే మాట. పని చెప్పే వాక్యం 20 మాటలు మించరాదు, వివరణ వాక్యం 25 మించరాదు. ‘ఫాలో’ అంటే వెనుక రావటం మాత్రమే. సూచనను పాటించమనటానికి ‘ఒబే’ అనాలి. ‘టెస్ట్’ అన్నది నామవాచకమే గాని క్రియగా వాడరాదు. “టెస్టు చేయి అనవచ్చు గాని, టెస్టించు అనకూడదన్నట్లు, చిన్నాయనా” అని అమ్మాయి మాకు తెలుగులో చెప్పినది.

ఇది మాకు వింతగా తోచలేదు. మా తాతగారి కాలంలో కరణాలు దస్తావేజు వ్రాస్తే తూర్పున ఫలానావారి బావి, పడమట బండ్లబాట అని నాలుగు ఎల్లలు వ్రాసేవారు. ఆ బావి నీరు తియ్యనిదని వ్రాసేవారు కారు.

ఇక పరీక్ష సంగతి. జి.ఆర్.ఇ. 1930లలో అమెరికాలో పుట్టినది. తరువాత ఇ.టి.ఎస్. అనే సంస్థ చేతికి వచ్చినది. 2002లో అందులో వ్యాసరచన చేరినది. 2023 సెప్టెంబరులో పరీక్షను కుదించి రెండు గంటలకు కొంచెం లోపు చేసినారు. రెండు వ్యాసాలలో ఒకటి తీసివేసినారు. ఇప్పుడు 30 నిమిషాలలో ఒక వ్యాసం, ఇంగ్లీషు ప్రశ్నలు 27, లెక్కలు 27. ఇంగ్లీషుకూ లెక్కలకూ వేరువేరుగా 130నుండి 170వరకు మార్కులు. వ్యాసానికి 0నుండి 6వరకు, అరమార్కు చొప్పున.

మొదటి ఆదివారమే అమ్మాయి ఇ.టి.ఎస్. వారు అచ్చువేసిన అభ్యాస పుస్తకం మా ముందు పెట్టి, జవాబుల పేజీ మా చేతికిచ్చినది. ఒక రకం ప్రశ్న ఉన్నది. వాక్యంలో ఒకచోట ఖాళీ విడిచి, క్రింద ఆరు మాటలిస్తారు. ఆ ఖాళీలో ఏ రెండు మాటలు పెట్టినా వాక్యానికి ఒకే అర్థం వస్తుందో ఆ రెండూ ఏరాలి. రెండూ సరి అయితేనే మార్కు, ఒకటి తప్పితే సున్న. అమ్మాయి పది ప్రశ్నలలో మూడు సరిగా చేసినది. తప్పిన వాటిలో చాలవరకు ఒక మాట సరిగానే పట్టుకొన్నది. జత దొరకలేదు.

“నాలుగేండ్లుగా ఏది తప్పని నాకు నేర్పినారో ఇక్కడ అదే అడుగుతున్నారు, చిన్నాయనా. ఒకే అర్థానికి రెండు మాటలు వాడితే మా ఆఫీసులో ఎర్రసిరాతో కొట్టివేస్తారు” అన్నది.

మాకు చప్పున వెలిగినది. పిల్లకు ఇంగ్లీషు రాక కాదు. కళాశాలలో ఉన్ననాడు దాని దగ్గర ఎన్నో మాటలు ఉండేవి. నాలుగేండ్లు తొమ్మిదివందల మాటలతో కాపురం చేసేసరికి తక్కినవి అటకమీది ఇత్తడి సామానులాగా చిలుముపట్టి పోయినవి.

రెండవది ఇంకా చిత్రమైనది. మొదటిమారు పరీక్షలో అమ్మాయి ఐదు ప్రశ్నలకు జవాబు పెట్టకుండా విడిచిపెట్టినది. వేళ చాలలేదా అంటే చాలినదనే చెప్పినది. “మరెందుకు వదిలావమ్మా?” అని అడిగినాము. “నిశ్చయంగా తెలియనిది వ్రాయకూడదు గదా” అన్నది.

మాన్యువల్‌లో ఒక మర ఎంత బిగించాలో కొలత అందకపోతే రైటర్ ఊహించి వేయరాదు. ఖాళీ విడిచి ఇంజనీరును అడగాలి. అంకె తప్పిన పుస్తకం కంటె ఖాళీ ఉన్న పుస్తకమే మేలు. ఇది ఉద్యోగధర్మం, మంచి ధర్మమే. జి.ఆర్.ఇ.లో మాత్రం తప్పు జవాబుకు మార్కు కొట్టివేయటం లేదు. ఖాళీకి సున్న, తప్పుకూ సున్న, అదృష్టం తగిలితే మార్కు. ఆ ఐదింటికి కళ్ళుమూసుకొని గుర్తు పెట్టినా నష్టం లేదు. అమ్మాయికి ఈ నిబంధన తెలియక కాదు, చేయి రాలేదు. మన దేశపు గేట్ పరీక్ష తీరు వేరు. అక్కడ ఒకటి ఏరుకొనే ప్రశ్నలలో తప్పుకు కోత ఉన్నది. ఒక మార్కు ప్రశ్నకు మూడోవంతు, రెండు మార్కుల ప్రశ్నకు మూడింట రెండువంతులు పోతవి. ఏ పరీక్షకు ఆ లెక్క ముందే చూచుకోవాలి.

మూడవది వ్యాసం. అభ్యాసానికి వ్రాసిన మొదటి వ్యాసం మాకు ఇప్పటికీ జ్ఞాపకమున్నది. చిన్న చిన్న వాక్యాలు, ఒక్క తప్పు లేదు, చదివితే అడ్డం తగలదు. కాని ఆ పిల్ల ఏమంటున్నదో తెలియదు! ఈ స్థితిలో ఇది మేలు, ఆ స్థితిలో అది మేలు అని రెండువైపులా వ్రాసి, సంతకం లేని ఫైలులాగా ముగించినది. ఉదాహరణ ఒకటీ లేదు. మాన్యువల్‌లో ‘నేను’ అనే మనిషి ఉండడు గదా. ‘నా అభిప్రాయంలో ఈ మరను ఎడమకు త్రిప్పాలి’ అని ఎవరు వ్రాస్తారు? వ్యాసం అడిగేదల్లా నీవేమంటావు, ఎందుకంటావు, అవతలివాడు కాదంటే ఏమి చెబుతావు అన్నది. దానిని ఒక మనిషీ, ఇ-రేటర్ అనే కంప్యూటరూ దిద్దుతారు. వాక్యశుద్ధి ఒక్కటే చూచి వారు మార్కులు ముట్టచెప్పరు.

ఉద్యోగం చెరపు చేసినదని మాత్రమే చెబితే అన్యాయమవుతుంది. ఆ 164 ఎక్కడనుండి వచ్చినవి? రోజూ పట్టికలూ, బొమ్మలూ, కొలతలూ చూచే కన్నుకు గ్రాఫు చూపి అడిగే లెక్కలు నల్లేరుమీది బండి. లెక్కలలో రెండు రాశులు ఇచ్చి ఏది పెద్దదని అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. దాని జవాబులలో నాలుగవది ‘ఇచ్చిన సమాచారంతో చెప్పలేము’ అని. తెలివైన పిల్లలు ఆ గోతిలోనే పడతారట. ఇవ్వని సంగతిని తామే ఊహించుకొని, ఇది పెద్దది అని గుర్తు పెట్టి వస్తారు. మా అమ్మాయి ఆ రకంలో ఒక్కటీ తప్పలేదు. బొమ్మలో లేనిది లేదని చెప్పటమే దాని నిత్యకృత్యం. గద్యభాగం ఇచ్చి అడిగే ప్రశ్నలలో కూడ, అందులో ఉన్నదేదో లేనిదేదో చటుక్కున చెప్పేది. వ్రాసినవాని ధోరణి ఏమిటి, వెటకారమా మెచ్చుకోలా అని అడిగినప్పుడే తెల్లబోయేది.

ఇక్కడ మా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరి ఆరేండ్లయిన తరువాత మేము డిపార్టుమెంటు పరీక్షలలో ఆఫీస్ మాన్యువల్ పరీక్షకు కూర్చున్నాము. రోజూ చేసే పనే గదా, చదివేదేమున్నదని ధీమా. తపాలు ఎలా నమోదు చేయాలి, నోటు ఎలా పెట్టాలి అని అడిగితే మా సెక్షనులో ఎలా చేస్తామో చేయి నొప్పిపుట్టేటట్లు వ్రాసి వచ్చినాము. తప్పినాము. అడిగినది నిబంధన ఏమిటని, మేము వ్రాసినది వాడుక ఏమిటని. మా తరువాత చేరిన కుర్రవాడు, పని సగం కూడ తెలియనివాడు, పుస్తకం బట్టీపట్టి ఒకేమారు గట్టెక్కినాడు. మాకు రెండుమార్లు పట్టినది. ఈ ముచ్చట చెప్పినప్పుడు అమ్మాయి ఆడికృత్తిక తరువాత మొదటిసారి పకపక నవ్వినది.

ఉద్యోగం మానిపించటం గురించి మాత్రం ఇంట్లో వారం రోజులు వాదన నడిచినది. పరీక్ష రుసుము ఒక్కటే ఇరవైవేలు దాటినది. రెండవమారు మరల అంత. ఆ పైన దరఖాస్తుల ఖర్చు. అమ్మాయి జీతంలో సగం తిరుత్తణి ఇంటిమీది అప్పుకు పోతున్నది. ఇది అన్నగారు పంక్తిలో చెప్పలేదు, మాకు తెలుసు. పెండ్లి సంబంధం చూస్తున్నామని, ఈ పరీక్షలన్నీ ఎందుకని వదినగారి సణుగుడు ఒకటి. గేట్ వ్రాస్తే ఐ.ఐ.టి.లో ఎం.టెక్.కు నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనం వస్తుంది గదా అని మేమే అన్నాము. మంచి దారే. కాని గేట్‌లో నూరుకు 85 మార్కులు ఇంజనీరింగు, దానికి తగిన గణితం. తక్కిన 15 మాత్రమే భాష, తర్కం వగైరా. నాలుగేండ్ల క్రిందట చదివినదంతా తిరిగి తోడాలి. ఏడాదికి ఒక్కమారే పరీక్ష. జి.ఆర్.ఇ. అయితే 21 రోజులు ఎడమిచ్చి మరల వ్రాయవచ్చు, మార్కులు ఐదేండ్లు చెల్లుతవి. చివరకు అమ్మాయే తేల్చినది: “నాలుగునెలలు ఉద్యోగంతోనే చదువుతాను. కుదరకపోతే ఇక అడగను.”

మాటల సంగతికి మందు మా ఇంటావిడ చెప్పినది. ఆమె తండ్రి పిల్లలను అరుగుమీద కూర్చోబెట్టి అమరం వల్లె వేయించినవారు. సూర్యునికి ఇన్ని పేర్లు, నీటికి ఇన్ని పేర్లు అని గుంపులు గుంపులుగా నేర్పే నిఘంటువు అది. “ఒక్కొక్క మాటకు అర్థం వ్రాసుకొంటే ఏమి లాభమమ్మా? ఒక అర్థం క్రింద మాటలన్నీ చేర్చి వ్రాసుకో” అన్నది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మనిషి చెప్పిన ఉపాయం సరిగా పట్టినది. పిసినారితనానికి ఒక అట్టముక్క, మొండితనానికి ఒకటి, పొగడ్తకు ఒకటి, పొగడ్తలాగా కనబడే తిట్టుకు ఒకటి. తిరువళ్ళూరులో బండి ఎక్కి తిరునిన్రవూరు వచ్చేలోపల రెండు అట్టలు, ఆవడి వచ్చేలోపల మరి రెండు. రద్దీలో చేయి ఆడనప్పుడు నోటితోనే. ప్రక్కన నిలుచున్న పూలమ్మే ఆమె, అమ్మాయి ఏదో జపం చేస్తున్నదనుకొని రోజూ జరిగి చోటిచ్చేదట.

వ్యాసానికి మందు తిరుత్తణిలో దొరికినది. మా అన్నగారికీ ఆయన బావమరిదికీ ఒక పాత తగవు ఉన్నది. పటాస్కర్ గారి మధ్యవర్తిత్వం మీద 1959లో చట్టం చేసి, 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణిని చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రంలో కలిపినారు. మా తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాలనుండి సత్యవేడు వైపు గ్రామాలు ఆంధ్రకు పోయినవి. అది న్యాయమా అన్యాయమా అన్నది వీరి తగవు. ఇద్దరూ అప్పటికి పుట్టనైనా లేదు. అయినా పండుగ పండుగకూ తెగదు. ఒకరు స్వామి ఎవరివాడని అడుగుతారు, ఒకరు సంతకు ఎటు పోయేవారమని అడుగుతారు. ఒక ఆదివారం అది మొదలుకాగానే మేము అమ్మాయికి కాగితం చేతికిచ్చి, “భాషను బట్టి ఎల్లలు గీయటం మంచిదా? ముప్పది నిమిషాలు. నీవు ఏ పక్షమో మొదటి పేరాలోనే చెప్పాలి” అన్నాము.

ఆ వ్యాసంలో మొదటిసారి ఒక మనిషి కనబడినది. ఇంటిలో ఒక భాష, బడిలో ఒక భాష చదువుకొన్న పిల్లగా తన సంగతి వ్రాసినది. నాన్న మాట ఒక పేరాలో, మామయ్య మాట ఒక పేరాలో పెట్టి, మామయ్య మాటకు ఎదురు చెప్పినది. వాక్యాలు చిన్నవే, పాత అలవాటే. అది తప్పు కాదు సుమా! సంగతి ఉన్నచోట చిన్న వాక్యం ఎదురుతిరగదు. ఆపైన ఇ.టి.ఎస్. వారు బహిరంగంగా ప్రకటించిన వ్యాసాంశాల పట్టికనుండి వారానికి రెండు చొప్పున వ్రాసి, వంటింట్లో తెలుగులో చెప్పి వినిపించేది. “అవతలివాడు ఊరుకొంటాడా?” అని మా ఇంటావిడ ప్రతిదానికీ అడిగేది. ఊరుకోడని తేలితే ఇంకొక పేరా.

ఖాళీలు విడిచే అలవాటే అన్నిటికంటె ఆలస్యంగా వదిలినది. గడియారంలో ఒక నిమిషం మిగిలినదనగా “గుర్తు పెట్టు!” అని మేము బల్ల చరిచేవారము. అమ్మాయి మొగం చిట్లించుకొని, ఏదో పాపం చేస్తున్నట్లు గుర్తు పెట్టేది.

నవంబరులో రెండవమారు వ్రాసినది. లెక్కలు 165, ఇంగ్లీషు 155, వ్యాసం 4. కొండలు తవ్వినట్లేమీ కాదు. ఇంతకంటె చాల ఎక్కువ తెచ్చుకొనే పిల్లలు ఎందరో ఉన్నారు. కాని అమ్మాయి అడగదలచిన విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు పెట్టటానికి జంకు లేకుండా పోయినది.

దరఖాస్తుతో తన ఉద్దేశం వివరిస్తూ రెండు పుటలు వ్రాయాలట. పలువురు డబ్బిచ్చి వ్రాయించుకొంటారని విన్నాము. మా పిల్ల తానే వ్రాసినది. ఏమి చేసినాను, ఏమి తెలియలేదు, ఏమి నేర్చుకోవటానికి వస్తున్నాను అని, ఒక మాటకు ఒకే అర్థంతో. ఈ ఒక్కచోట దాని ఉద్యోగపు వ్రాతను ఎవరూ దిద్దలేదు.

ఐదు చోట్లకు పంపినది. ఇంతవరకు మూడు జవాబులు వచ్చినవి. రెండు కాదన్నవి, ఒకటి రమ్మన్నది. రమ్మన్నవారు ఉపకారవేతనం మాట ఎత్తలేదు. వచ్చే ఆదివారం తిరుత్తణిలో మరల అందరం కూర్చుంటున్నాము. ఇంటి పత్రాలు తీసి ఉంచమని అన్నగారు వదినగారితో చెప్పినారట. వాయిదా పుస్తకం అమ్మాయి తెస్తానన్నది.